వెలుతురుతో వెలుతురుకు స్విచ్: చిప్పులో ఎప్పటికైనా అక్కరకొస్తుందా?

కిరణం: కాంతితో డేటా పంపే చిప్పుల్లో ఇప్పుడు ఆ కాంతిని కరెంటుతో ఆపుతున్నాం. కాంతినే వాడి ఆపే పని 2004లోనే అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో మిఖాల్ లిప్సన్ బృందం సిలికాన్ మీద చేసి చూపింది. 25 పికోజౌళ్ల పల్సు (పికో అంటే లక్ష కోట్లో వంతు), 500 పికోసెకన్ల లోపు, బయటికొచ్చే కాంతిలో 94 శాతం దాకా మార్పు. ఇరవై ఏళ్లు దాటినా ల్యాబు గడప దాటలేదంటే పరిశ్రమ పట్టించుకోకపోవడమే కారణం.

బెజవాడ_చిప్: ట్రాన్సిస్టర్ ఒక్క ఫెమ్టోజౌల్ కూడా తినదు. 25 పికో అంటే 25,000 ఫెమ్టో. ఇంకేం పరిశ్రమ?

కిరణం: పాత లెక్కలు తీయకండి. 2010లో జపాన్ టెలికాం కంపెనీ ఎన్‌టీటీ వాళ్లు 0.42 ఫెమ్టోజౌల్‌కు దించారు. 2022లో అమెరికాలోని కాల్టెక్ వాళ్లు లిథియం నియోబేట్ అనే స్ఫటికం మీద 46 ఫెమ్టోసెకన్లలో మార్చారు. ఏ ట్రాన్సిస్టర్‌కుంది ఆ వేగం?

స్వాతి_ఎంటెక్: ఆ రెండూ సిలికాన్ కాదు కదండీ?

బెజవాడ_చిప్: కాదమ్మా. సిలికాన్‌తో చిక్కేంటంటే, ఫైబర్‌లో వాడే 1550 నానోమీటర్ల కాంతిలో ఒక్కో ఫోటాన్ (కాంతి కణం) శక్తి 0.8 ఎలక్ట్రాన్ వోల్టులు, సిలికాన్ బ్యాండ్‌గ్యాప్ (అందులో ఎలక్ట్రాన్‌ని విడిపించడానికి కావాల్సిన కనీస శక్తి) 1.12. ఒక్కటొస్తే దాటిపోతుంది. కాంతి పెంచితే రెండేసి కలిసి 1.6 అవుతాయి, సిలికాన్ మింగేస్తుంది. అప్పుడు విడిపడే ఎలక్ట్రాన్లే చిప్పు మీది రింగు (కాంతి గుండ్రంగా తిరిగే సన్నని దారి) రెజొనెన్సును, అంటే అందులో నిలిచే కాంతి తరంగదైర్ఘ్యాన్ని, పక్కకి జరుపుతాయి. కార్నెల్ స్విచ్ నడిచింది అలాగే. పల్సు వెళ్లిపోయినా ఎలక్ట్రాన్లు వెంటనే పోవు, వాటికోసం ఆగాల్సిందే.

కిరణం: నేను వేగం అడిగితే మీరు సిలికాన్ అంటారు. మెటీరియల్ మార్చుకోవచ్చు!

లేజర్‌మామ: వేగం సరే బాబూ, ఒక లాజిక్ గేటు (1, 0లతో లెక్క చేసే స్విచ్) అవుట్‌పుట్ తర్వాతి రెండు గేట్లను నడపగలదా? నీరసించిన 1 మళ్లీ నిండు 1 అవుతుందా? 2010లో స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ డేవిడ్ మిల్లర్ అడిగింది ఇదే. బెల్ ల్యాబ్స్‌లో ఇలాంటి పరికరాలు స్వయంగా తయారుచేసిన మనిషాయన.

కిరణం: అందరూ కలిసి కాళ్లు పట్టి లాగడమేనా? బెజవాడ గారికి మొదట్నుంచీ ఈ సబ్జెక్టంటేనే పడదు.

బెజవాడ_చిప్: పడకేంటండీ, నా పీహెచ్‌డీ ఇందులోనే! మా గైడు "ఆప్టికల్ కంప్యూటర్ వచ్చేస్తోంది" అని చేర్చుకున్నారు. బయటికొచ్చాక ఏ ఇంటర్వ్యూలోనూ దాని గురించి ఒక్క ప్రశ్న లేదు. చివరికి కరెంటుతో నడిచే మాడ్యులేటర్ల (కాంతిని ఆపి వదిలే పరికరాల) పనే అన్నం పెట్టింది.

కిరణం: మీ గైడు మీద కోపం ఫిజిక్స్ మీద చూపిస్తే ఎలా?

బెజవాడ_చిప్: ఫిజిక్సుతో నాకు గొడవ లేదు. ఫైబర్‌లో వచ్చే సిగ్నల్‌ని కాంతితోనే దారి మళ్లిస్తామనండి, నేనూ మీ వెనకే. లాజిక్ గేట్లు, కంప్యూటర్ అని చెప్పి పిల్లల్ని లాగొద్దంటున్నా.

కిరణం: కష్టమని ఎవరూ చేరకపోతే 25 పికో నుంచి 0.42 ఫెమ్టోకి ఎవరు దించేవారు? చేరేవాళ్లని చేరనివ్వండి.

బెజవాడ_చిప్: చేరనివ్వండి. మిల్లర్ ప్రశ్నలు మొదటిరోజే చేతిలో పెట్టి చేర్చుకోండి.

స్వాతి_ఎంటెక్: నాకు వచ్చే నెల ఒక ల్యాబులో పీహెచ్‌డీ ఇంటర్వ్యూ ఉందండీ, ఇదే టాపిక్. గేటు తర్వాత గేటు కలిపి చూశారా అని నేరుగా అడిగేయనా?

లేజర్‌మామ: అడుగు తల్లీ. ఎన్ని గేట్లు కలిపారో, మధ్యలో యాంప్లిఫయర్ పెట్టారో లేదో కూడా అడుగు.