ఆగస్టు 23న పుట్టిన గొప్పవాళ్ళు ఎవరున్నారు?

ఒంగోలు అమ్మ: మా పాప 2023 ఆగస్టు 23న పుట్టింది. ఆ సాయంత్రం ఆసుపత్రిలో ఆయాలతో సహా అందరూ చంద్రయాన్ దిగడం చూస్తూ టీవీకే అతుక్కుపోయారు, నన్ను పట్టించుకున్నోళ్ళు లేరు! ఇప్పుడు బళ్ళో పుట్టినరోజు గురించి చార్టు చేసుకురమ్మన్నారు. చంద్రయాన్ కాకుండా ఆ రోజు ఇంకేం ఉంది? వాట్సాప్‌లో పొట్టి శ్రీరాములు గారి జయంతి కూడా అదే రోజని వచ్చింది, నిజమేనా?

టంగుటూరు తమ్ముడు: అక్కా, ఒంగోల్లో ఉండి ఈ మాట అడుగుతున్నావా! ప్రకాశం పంతులు గారు పుట్టింది ఆ రోజే, 1872లో, మన వినోదరాయునిపాలెంలో. చిన్నప్పుడే తండ్రి పోతే వాళ్ళమ్మ ఒంగోల్లో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని సాకింది. అలాంటి ఇంటి పిల్లాడు బారిస్టరై, 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు పోలీసుల తుపాకీకి గుండె చూపించాడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. మన జిల్లా కూడా 1970లో ఏర్పడినప్పుడు ఒంగోలు జిల్లానే, ఆయన శతజయంతి ఏడు 1972లో ప్రకాశం అయింది. చార్టుకి ఇది చాలదా?

నెల్లూరోడు: శ్రీరాములు గారిది 1901 మార్చి 16. ఆ వాట్సాప్ లిస్టులు నమ్మబాకండి. అయినా చంద్రయాన్ మా నెల్లూరోళ్ళదే, శ్రీహరికోటలో లేచింది కాబట్టి దాన్నే పెద్దగా రాయించండి.

కావలి అన్న: లేచింది జూలై 14న అబ్బయ్యా, ఆగస్టు 23న చందమామ మీద దిగింది, సాయంత్రం 6 దాటిన కాసేపటికి. దక్షిణ ధ్రువం దగ్గర దిగిన మొదటి దేశం మనదే, అందుకే ఆ రోజుని జాతీయ అంతరిక్ష దినం చేశారు. ఇంకో మాట, సూళ్లూరుపేట, శ్రీహరికోట 2022లోనే తిరుపతి జిల్లాలోకి పోయినాయి. ఇంక మాది మాది అని ఎన్నాళ్ళంటావు?

నెల్లూరోడు: కాగితం మీద పోయినాయి లే అన్నా. రాకెట్ లేస్తే ఇప్పటికీ మేం మేడలెక్కుతాం.

ఒంగోలు అమ్మ: అందరికీ థ్యాంక్స్. చార్టులో పంతులు గారు, కేకు మీద చందమామ. మా అత్తమ్మ మాత్రం తేదీ లెక్క ఒప్పుకోదు, పాప నిజ శ్రావణ శుద్ధ సప్తమి నాడు పుట్టింది కాబట్టి పాయసం ఆ రోజే అంటోంది. ఈ ఏడు కూడా రెండుసార్లు చేయాల్సిందే.