అప్‌డేట్: తెల్లజుట్టుకి డై వేయాలా, వదిలేయాలా అని అడిగాను కదా

27 ఏళ్లకే చెవుల దగ్గరంతా తెల్లబడింది, డై వేస్తే నుదురు దురద పెట్టి వాస్తోంది, ఏం చేయాలి అని అడిగింది నేనే. రిప్లై ఇచ్చిన అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా ప్యాచ్ టెస్ట్ చేయించుకోమన్న అక్కకి. స్కిన్ డాక్టర్ వీపు మీద పట్టీలు అంటించి 48 గంటల తర్వాత తీసి చూశారు, పీపీడీ అలర్జీ అంట, అంటే పారా ఫినైలిన్ డయమిన్, నల్ల డైల్లో చాలావాటిలో ఉండేదే. అమోనియా లేనిది వాడు చాలు అన్నారు కొందరు, నా కేసులో దానికీ దీనికీ సంబంధమే లేదు, అమోనియా ఫ్రీ డబ్బా మీద కూడా పీపీడీ ఉంది! ఇక జుట్టు తెల్లబడ్డ సంగతికొస్తే, థైరాయిడ్ నార్మల్. విటమిన్ బీ12 తక్కువుందని ట్యాబ్లెట్లు ఇచ్చారు గానీ తెల్లబడ్డవి మళ్లీ నల్లబడతాయని ఆశ పెట్టుకోవద్దన్నారు. ఉల్లిపాయ రసం వల్ల దిండు కంపు తప్ప ఏం లేదు.

సో వదిలేశా, జుట్టు భుజాల దాకా కట్ చేయించా. అమ్మ మాత్రం పెళ్లిచూపులకైనా వేసుకోవే అని ఒకటే గోల, దానికోసం గోరింటాకు పెట్టి కడిగాక నీలిఆకు పొడి, నాకైతే దురద రాలేదు. "బ్లాక్ హెన్నా" ప్యాకెట్లు మాత్రం వెనక చదివి కొనండి, వాటిల్లోనూ పీపీడీ కలుపుతారు.