వందేళ్ల బంగళాను పడగొట్టే హక్కు యజమానికి ఉండాలా?

గానుగసున్నం: గుంటూరు బ్రాడీపేటలో మా వీధి చివరి బంగళా అమ్మకానికి వచ్చింది. బేరమాడుతున్నది అపార్ట్‌మెంట్లు కట్టే బిల్డరు. గుండ్రటి స్తంభాల వరండా, రెక్కల కిటికీలు, పైన మద్రాస్ టెర్రస్ అనే ఇటుక, సున్నాల మిద్దె. మే నెలలో కూడా ఆ హాల్లో ఫ్యాన్ లేకుండా కూర్చోవచ్చు. ఇలాంటివి కూల్చే హక్కు యజమానికి ఉండకూడదని నా వాదన. విజయవాడలో విక్టోరియా జూబిలీ మ్యూజియం చూడండి. రాణి పాలనకు 50 ఏళ్లు నిండాయని 1887లో కలెక్టర్ రాబర్ట్ సీవెల్ శంకుస్థాపన చేశాడు. ఇవాళ బాపు మ్యూజియంగా చెక్కుచెదరకుండా ఉంది. పట్టుదల ఉంటే ఏ కట్టడమైనా నిలుస్తుంది.

పటమట వాసి: అది సర్కారు భవనం. పైగా 1921 కాంగ్రెస్ సమావేశాలప్పుడు పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా ఇచ్చిన చరిత్ర ఉంది కాబట్టి నిలబెట్టారు, కమానులు బాగున్నాయని కాదు. ఒకరి సొంతింటికీ దానికీ పోలికేంటండీ?

మూడోవాటా: మా తాతగారిల్లూ అలాంటిదే, అరండల్‌పేటలో. అయిదుగురం వాటాదారులం, ముగ్గురు ఇక్కడ లేరు. రోడ్డు వైపు గదుల్లో అద్దెకున్నాయన ఖాళీ చేయనని కోర్టుకెళ్లాడు. వానొస్తే హాలు నిండా గిన్నెలు. పైకప్పును మోసే దంతెలకు చెద పట్టింది. అప్పు చేసి గోడలకు సిమెంట్ ప్లాస్టరింగ్ చేయిస్తే మరుసటి వానాకాలానికే పెచ్చులూడిపోయింది. కాపాడమని సలహా ఇచ్చినవాళ్లలో ఒక్కరూ బస్తా సున్నం పంపలేదు.

గానుగసున్నం: మీరు సిమెంట్ పూయించారు, అక్కడే దెబ్బ తగిలింది. సున్నపు గోడ తడిని పీల్చుకుని మళ్లీ బయటికి వదిలేస్తుంది. పైన సిమెంట్ పూస్తే తడి లోపలే చిక్కి, ఉప్పు పూసి, పెచ్చులు లేస్తాయి. ఆ టెర్రస్ కూడా అంతే. దూలాల మీద టేకు దంతెలు, వాటిపై పల్చటి ఇటుకల్ని ఐమూలగా, అంచు మీద నిలబెట్టి, గానుగలో నూరిన సున్నంతో పేర్చేవాళ్లు. దానిపై ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు పరిచి, కరక్కాయ, బెల్లం నీళ్లు చల్లుతూ అది గట్టిపడేలా రోజుల తరబడి దిమ్మిస కొట్టేవాళ్లు. అంత గట్టి పనిని సిమెంట్‌తో చెడగొట్టి పాత ఇల్లు కారుతోందంటే ఎలా?

మూడోవాటా: నేను వాటాల గురించి చెబుతుంటే మీరు సున్నం గురించి చెబుతారేంటండీ? ఆ గానుగ తిప్పే మేస్త్రీ ఎక్కడున్నాడు? ఉన్నా కూలి ఎవరిస్తారు?

లక్ష్మీపురం కుర్రాడు: వందేళ్లు దాటితే కూల్చకూడదని చట్టం ఉందిగా?

పటమట వాసి: లేదు. 1958 నాటి కేంద్ర చట్టంలో వందేళ్ల ప్రస్తావన ఉంది గానీ, ప్రభుత్వం జాతీయ ప్రాముఖ్యం ఉందని గెజిట్‌లో ప్రకటిస్తేనే రక్షణ. వయసు ఒక్కటే చాలదు.

గానుగసున్నం: చట్టం దేనికి, తాతల కష్టం మీద గౌరవం ఉంటే చాలు. డబ్బు కనబడగానే అమ్ముకునేవాళ్లకు ఆ గౌరవం ఎక్కడినుంచి వస్తుంది?

మూడోవాటా: మాటలు మర్యాదగా రానివ్వండి. మా అమ్మ ఆపరేషన్‌కు డబ్బు లేక నేను తిరుగుతుంటే నా పేరు మీద కోట్ల ఆస్తి ఉందన్నారు అందరూ. ఆ ఆస్తిలో ఒక్క ఇటుక నా చేతికి రాలేదు.

సుజాత, కొత్తపేట: ఇంతసేపూ చదివాను, ఇక ఉండబట్టలేక రాస్తున్నాను. దిమ్మిస కొట్టారన్నారే, అలాంటి ఒక బంగళాకు కొట్టిన ఆడకూలీల్లో మా తాతమ్మ ఒకరు. ఇల్లు పూర్తయ్యాక ఆమెను వరండా మెట్టు ఎక్కనివ్వలేదు. ఆ తర్వాత మా అమ్మమ్మ అదే ఇంట్లో పాచిపనికి వెళ్లినా, పక్క సందులోంచి పెరట్లోకి రావాల్సిందే, కాఫీ విడిగా పెట్టిన గ్లాసులో తాగాల్సిందే. మీరిద్దరూ తాతల గౌరవమంటూ కొట్లాడుకుంటున్నారు. రేపు బంగళాను కాపాడితే గోడ మీద కట్టించిన ప్లీడరు పేరు రాస్తారు. మా వాళ్ల పేర్లు రాయరు. దానికి నా పన్ను డబ్బు ఎందుకు పెట్టాలి?

పటమట వాసి: అసలు ప్రశ్న ఇదీ.

గానుగసున్నం: సుజాత గారూ, మీరు చెప్పినదానికి నా దగ్గర ఎదురు మాట లేదు. కానీ ఇల్లు కూలితే స్తంభాలతో పాటు ఆ సందూ పోతుంది, అక్కడ కార్ల పార్కింగ్ వస్తుంది. అలా నడిపించారని ఇక దేన్ని చూపించి చెబుతాం? పెరటి గుమ్మం కూడా ఉన్నదున్నట్టు ఉంచాలి, దిమ్మిస కొట్టినవాళ్ల పేర్లు దొరికినంతవరకు రాయాలి. అప్పుడూ వద్దంటారా?

సుజాత, కొత్తపేట: అంటాను. మా అమ్మమ్మ దాన్ని మరిచిపోవడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. ఆ గుమ్మం జనానికి చూపించాలా వద్దా అన్నది ఆమె లాంటివాళ్లను అడిగి తేల్చండి, స్తంభాల మీద ప్రేమ ఉన్నవాళ్లను అడిగి కాదు.

మూడోవాటా: అడగండి, మంచిదే. మాకు మాత్రం రెండే దారులు. ఇంటిపన్ను ఎత్తేసి రిపేరు ఖర్చు ఇవ్వండి, లేదా మార్కెట్ ధరకు ప్రభుత్వమే కొనుక్కోమనండి. రెండూ చేయకుండా అమ్మే హక్కు తీసేస్తామంటే అయిదుగురం ఒక్కటై కోర్టుకెళ్తాం. ఇప్పటిదాకా మేం ఒక్కటైంది లేదు.