రోజూ 500 పంచ్‌లు కొడితే కరాటే వచ్చేస్తుందా?

ఎంవీపీ నాన్న:
మా పాప రెండేళ్లుగా షోటోకాన్ కరాటే నేర్చుకుంటోంది. గంట క్లాసులో 40 నిమిషాలు "ఇచి, ని, సన్" అని జపనీస్‌లో ఒకటీ రెండూ మూడూ లెక్కపెడుతూ కిహోనే, అంటే ప్రాథమిక కదలికలే. మొన్న ఆర్కే బీచ్‌లో జెన్‌కుత్సు దాచి (ముందు మోకాలు వంచి, వెనక కాలు చాపి నిలబడే భంగిమ) వేసి పంచ్ కొట్టమన్నాను. వెనక మడమ లేచిపోయింది, నడుం తిరగలేదు. రెండో చెయ్యి నడుం దగ్గరికి ఎందుకు లాగుతావమ్మా అంటే తెలీదంది. దీన్ని సాధన అంటారా?

గాజువాక సీనియర్:
అంటారు. టెక్కి కతాలు (వరస కదలికల పాఠాలు) మూడింటికీ పదేళ్లు పట్టిందని షోటోకాన్ మొదలుపెట్టిన ఫునకోషి గారే రాసుకున్నారు. మీకు రెండేళ్లకే విసుగొచ్చిందా? అయినా ఇసకలో పరీక్షేంటండీ, మడమ ఎక్కడ ఆనుతుంది!

పోర్టు కుర్రోడు:
ఇసకలో మడమ దిగబడాలి గానీ లేవకూడదు కదన్నా.

గాజువాక సీనియర్:
గట్టి నేల మీద చూసి అప్పుడు మాట్లాడండి.

ఎంవీపీ నాన్న:
చూశాను. మేడ మీద గచ్చు మీదా అంతే. ఇసక వదిలేయండి సార్. ఫునకోషి గారి పదేళ్లూ, తప్పు పంచ్‌ని వేలసార్లు కొట్టడమూ ఒకటేనా? మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్సన్ బృందం బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద 1993లో రాసిన వ్యాసం చదివాను. వాళ్లు చెప్పిన సాధనలో గంటల లెక్కొక్కటే లేదు. రాని చోటు పట్టుకుని దాని మీదే పనిచెయ్యాలి, ఎక్కడ తప్పుతోందో ఎవరో ఒకరు చెప్తూండాలి.

సీతమ్మధార అమ్మ:
మా బాబుకీ ఇదే. లాగే చెయ్యి ఎదుటివాడి చెయ్యి పట్టి లాగడానికని వాడికి ఒక్కసారి చూపించాక పంచే మారిపోయింది.

గాజువాక సీనియర్:
వ్యాసాలు చదివి మాస్టర్లకి పాఠాలు చెప్పకండి. నేనూ నేర్పాను. ఒక నెలంతా హికితే (రెండో చెయ్యి వెనక్కి లాగడం), నడుం, వెనక మడమ, ఇవే చేయించాను. నెమ్మదిగా, ఒక్కొక్కరి దగ్గర నిలబడి. కొత్త కతా లేదు, బెల్టు పరీక్ష లేదు. నెల తిరిగేసరికి పదకొండు మంది మానేశారు. పక్క వీధిలో మూడు నెలలకో బెల్టు ఇస్తున్నారట! మానిపించింది పిల్లలు కాదు, మీలాంటి నాన్నలు. నిజం చెప్పండి, ఎల్లో బెల్టు ఎప్పుడని మీరు అడగలేదా?

ఎంవీపీ నాన్న:
అడిగాను. రెండో నెల్లోనే అడిగాను. పరీక్ష ఫీజు కూడా అడక్కుండానే కట్టేశాను. కానీ 40 మంది పిల్లలకి ఒక్క మాస్టారు. నిన్న పాపని అడిగితే, "నా కాళ్లు ఎవరూ చూడలేదు నాన్నా" అంది. నా బాధ అదండీ, అంకెల మీద కాదు.

గాజువాక సీనియర్:
అయితే వెళ్లి మీ మాస్టారితో ఆ మాటే అనండి. ఇంట్లో రోజూ పది పంచ్‌లు చాలు, మడమొక్కటే చూడండి. నడుం సంగతి తర్వాత.

ఎంవీపీ నాన్న:
చెప్తే ఈసారి బెల్టు పరీక్ష ఆపుతారంటారా?

గాజువాక సీనియర్:
ఆయన ఆపితే మీరు పాపని మానిపించరు కదా? ముందది చెప్పండి.