ఊర్ల అమ్మ ఒక్కతే ఉంటది, ఇంటికి నాలుగు కెమెరాలు: డీవీఆర్ మంచిదా, ఐపీ మంచిదా?

దేవరకొండోడు
అందరికి నమస్తే. మా ఇల్లు దేవరకొండ దగ్గర పల్లెల. నేను హైదరాబాద్‌ల ఉంట, అమ్మ ఒక్కతే. పోయిన నెల పక్క వాడల రెండిండ్ల తాళాలు పలగొట్టిండ్రు. గేటు, వాకిలి, మెట్లు, ఎనక బర్ల కొట్టం, మొత్తం నాలుగు కెమెరాలు అనుకుంటున్న. 25 వేల దాక పెడ్త. డీవీఆర్ (కెమెరాల వీడియో డిస్క్‌ల దాచే పెట్టె) పెట్టాల్నా, ఐపీ (నెట్ వైరు మీద నడిచే కెమెరాలు) పెట్టాల్నా? కరెంటు పోతే ఎంతసేపు ఆగుతది? ఊర్ల వైఫై లేదు, సిమ్ముతోని ఫోన్ల సూడొచ్చా? బిగించేటాయన డీవీఆర్ టీవీ పక్కన పెడ్త అంటుండు, సరేనా?

పాలమూరు పోరడు
టీవీ పక్కన అస్సలొద్దు తమ్మీ. జడ్చర్లల మా ఇంట్ల దొంగలు బంగారం కంటె ముందు డీవీఆరే ఎత్తుకపోయిండ్రు. లైట్లు మెరుసుకుంట కూసుంటె కనవడదా మరి! నాలుగు కెమెరాలల్ల వాళ్ల మొఖాలు మంచిగనే పడి ఉంటయ్. అన్నీ వాళ్ల సంచిలనే పాయె.

కెమెరా కింగ్ మిర్యాలగూడ
14 ఏండ్ల సంది ఇదే పని నాది. రైస్ మిల్లులే యాభై దాక చేసిన. డీవీఆర్‌ను బీరువాల పెట్టి తాళమెయ్యి, అయిపాయె. ఐపీ గీపీ పల్లెటూరికెందుకు? 1 టీబీ (వెయ్యి జీబీ) డిస్క్ ఎయ్యి, 30 రోజుల రికార్డింగ్ ఉంటది. కండ్లు మూసుకొని చెప్త.

లెక్కల సారు
కండ్లు తెరిచి ఒక్కసారి లెక్క చూడండి. 2 మెగాపిక్సెల్ కెమెరా 2 ఎంబీపీఎస్ (సెకండ్‌కు 2 మెగాబిట్లు) మీద నడిస్తే రోజుకు 21 జీబీ దాటుతది. నాలుగిటికి 86. 1 టీబీ పన్నెండో రోజుకు నిండి పాతదాని మీద కొత్తది ఎక్కుతది. హెచ్.265 (వీడియోను ఎక్కువ కుదించే పద్ధతి) పెట్టి 1 ఎంబీపీఎస్‌కు దించితే 23 రోజులు. మీ 30 ఎక్కడిది?

కెమెరా కింగ్ మిర్యాలగూడ
సార్, మీరు బోర్డు మీద చెప్తరు, మేము నిచ్చెన మీద చేస్తం. మోషన్ రికార్డింగ్ (ఏదన్న కదిలితెనే రికార్డు) పెడితె నెల కాదు, రెండు నెలలొస్తది.

లెక్కల సారు
వాకిట్ల వేపచెట్టు ఉంటే? గాలి వీచినంతసేపు మోషనే. రాత్రి కెమెరా ఐఆర్ (చీకట్ల చూసేటందుకు వెలిగే లైటు) వెలుగుకు పురుగులొస్తయి, అదీ మోషనే. సాలెపురుగు లెన్స్ ముందట గూడు కట్టిందనుకో, తెల్లారేదాక దాని సినిమానే.

గద్వాల కోడలు
బీరువాల పెట్టుమన్న మనిషి ఎవరండీ? మేము గట్లనే పెట్టినం. మే నెలల గద్వాల ఎండ తెలుసు కదా, నెల తిరగక ముందే పెట్టె కుయ్యి కుయ్యి మని మొత్తుకుంట డిస్క్ పాయె. గాలి ఆడాలని నేను మొదలే చెప్పిన, ఇంట్ల ఒక్కరన్న ఇనలే. ఇప్పుడు ఎనక గదిల, ఎత్తుల, జాలి ఉన్న ఇనుప డబ్బాను గోడకు బోల్టులేసి బిగిచ్చినం. తాళం దానికెయ్యాలె.

కెమెరా కింగ్ మిర్యాలగూడ
మేడం, మామూలు కంప్యూటర్ డిస్క్ ఏసి ఉంటరు. దినరాత్రి రికార్డింగ్‌కు సర్వైలెన్స్ డిస్క్ వేరే ఉంటది.

గద్వాల కోడలు
అదే ఏసినం. బిల్లు ఉన్నది. చూపియ్యాల్నా?

ఫంక్షన్ హాల్ ఓనర్
30 రోజులని ఆయన అన్నది ఉత్తగ కాదు. 2013ల వచ్చిన పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం, ఒక్కసారే వంద మంది జమయ్యే చోట కెమెరాలుండాలె, 30 రోజుల ఫుటేజ్ దాచాలె. మా హాల్‌ల పన్నెండు కెమెరాలకు 8 టీబీ ఏసిన.

కెమెరా కింగ్ మిర్యాలగూడ
ఇగో, చట్టమే చెప్తున్నది 30 రోజులని!

లెక్కల సారు
అయ్యా, చట్టం దాచాలె అన్నది. 1 టీబీల పడ్తది అన్నదా? అది కూడా హాళ్లకు, దుకాణాలకు. వాళ్లమ్మ బర్ల కొట్టంల వంద మంది జమైతరా?

కెమెరా కింగ్ మిర్యాలగూడ
మర్యాదగ మాట్లాడు సారూ. నీ ఇంట్ల కెమెరా ఎవరు బిగిచ్చిండ్రో చెప్పు, వచ్చి చూస్త.

అచ్చంపేట అల్లుడు
మీరు టీబీలు లెక్కవెట్టుకోండ్రి. మా అత్తగారింటి కాడ దొంగలు కాదు, కోతులు. కేబుల్ పట్టుకొని ఊగుతయ్. కేబుల్ కొసకుండే బీఎన్‌సీ పిన్ను గుంజి నోట్లె పెట్టుకున్నది ఒకటి. కేబుల్ అంతా పైపుల ఏసి, కెమెరా కాడ జంక్షన్ బాక్స్ పెట్టినంక జర తగ్గింది. ఇప్పుడు కెమెరా మీదనే కూసుంటున్నయ్. ఫోన్ల తోక తప్ప ఏం కనవడ్తలేదు.

కల్వకుర్తి కుర్రాడు
😂 మా కాడ కూడా. పటాకలు కాలిస్తె ఒక గంట పోతయ్, మళ్ల అస్తయ్. పల్లికాయ ఏసినోళ్లను అడుగు ఆ బాధ.

బత్తాయి తోట నల్లగొండ
పల్లికాయ మాట అట్లుంచు, మా బోరు మోటరు కేబుల్ రెండుసార్లు కోసుకపోయిండ్రు. రాగి కోసం. తోట కాడ సోలార్ ప్లేటు, సిమ్ము ఉండే 4జీ కెమెరా పెట్టిన. మూడో రాత్రి మనిషి కనవడంగనే ఫోన్ మోగింది. బండేసుకొని పొయ్యేసరికి కెమెరానే ఇప్పుకపోయిండు! కాకపోతే ఆయన మొఖం అప్పటికే క్లౌడ్‌కు ఎక్కింది. మా దూరపు చుట్టమే. ఇంట్ల చెప్తె ఎవ్వరు నమ్మలే, వీడియో చూపిచ్చిన. ఇప్పుడు మాటల్లేవు మాకు.

పాలమూరు పోరడు
కేసు పెట్టినవా అన్నా?

బత్తాయి తోట నల్లగొండ
ఆడోళ్లు ఏడ్సిండ్రు. పెట్టలే.

కోర్టు నల్లకోటు
పెట్టేటోళ్లు ఒకటి గుర్తుంచుకోవాలె. పెన్‌డ్రైవ్‌ల ఎక్కిచ్చి ఇస్తే కోర్టుల నడువదు, దానితోని సర్టిఫికెట్ ఉండాలె. పాతది సాక్ష్య చట్టం 65బి, 2024 జులై 1 సంది భారతీయ సాక్ష్య అధినియమ్ 63. డీవీఆర్ల టైమ్ కూడా చూసుకోండ్రి. ఒక కేసుల గడియారం 40 నిమిషాలు ఎనక ఉండె, అవతలి వకీలు దాని మీదనే ఆడుకున్నడు.

హాలియా రవాణా
నాది వేరే గోస. పగలు అన్ని కెమెరాలు మంచిగొస్తయ్, రాత్రి ఏడైతె దూరం ఉన్నది బంద్. తెల్లారంగనే మళ్ల అస్తది. బిగిచ్చినాయనకు ఆరుసార్లు ఫోన్ చేసిన, కెమెరా మార్చాలె అంటడు.

కెమెరా కింగ్ మిర్యాలగూడ
మార్చకు అన్నా. చీకటైతె ఐఆర్ లైట్లు వెలుగుతయ్, కరెంటు ఎక్కువ గుంజుతది. దూరం కేబుల్, అది కూడా అల్యూమినియం మీద రాగి పూత పూసినదైతె, 12 వోల్టులు అక్కడికి చేరేసరికి 9 కూడా ఉండయ్. ఎస్‌ఎంపీఎస్ (అన్ని కెమెరాలకు కరెంటిచ్చే డబ్బా) నుంచి కాకుంట కెమెరా పక్కనే వేరే అడాప్టర్ ఇయ్యి. రెండు వందల పని.

హాలియా రవాణా
ఇయ్యాల చేసిన. రాత్రి తొమ్మిదైనా నడుస్తున్నది. దండం అన్నా నీకు.

లెక్కల సారు
ఇది మాత్రం సరిగ్గ చెప్పిండు.

కెమెరా కింగ్ మిర్యాలగూడ
😎 14 ఏండ్లు.

దేవరకొండోడు
అన్నా, నా ప్రశ్న ఎవరన్న చూస్తున్నరా? సిమ్ము, కరెంటు?

లెక్కల సారు
సిమ్ము రౌటర్ కొను, డీవీఆర్‌కు లాన్ వైరు పెట్టు, యాప్‌ల క్యూఆర్ కొట్టు, కనవడ్తది. పెద్ద బొమ్మ పెట్టుకొని గంట చూస్తె 900 ఎంబీ పోతది, అందుకే సబ్ స్ట్రీమ్‌ల (చిన్న బొమ్మ) చూడు. పాస్‌వర్డ్ వెంటనే మార్చు. నాలుగు కెమెరాలు, డీవీఆర్ కలిపి 40 వాట్లు. 150 ఏహెచ్ ఇన్వర్టర్ ఉండి ఫ్యాన్లు ఏయకుంటే ఒక దినం పైనే. నాలుగు కెమెరాలకు డీవీఆరే చాలు. డిస్క్ మాత్రం 2 టీబీ.

దేవరకొండోడు
థాంక్స్ సార్. అట్లనే పెట్టిచ్చిన, పెట్టె ఎనక గదిల జాలి డబ్బాల. కానీ నిన్నటి సంది వాకిలి కెమెరాల నల్లగ వస్తున్నది. కేబుల్ అనుకున్న. అమ్మకు ఫోన్ చేస్తె, "పొద్దున లేసిన కాడికెళ్లి అది నన్నే సూస్తుంది బిడ్డా, తువ్వాల కప్పిన" అంటది.

గద్వాల కోడలు
తీయమనకు తమ్మీ. గేటు దిక్కు తిప్పు దాన్ని.