గట్టు మెట్ల మీద ఆరేళ్ళ బిడ్డను అందరి ముందూ కొట్టాను. మొండి పిల్లలకు ఓపిక పనిచేస్తుందా?

మిర్యాలగూడ తల్లి (ఆదివారం రాత్రి 10:40)

అందరికీ నమస్తే. పోయిన అమావాస్యకు నల్గొండ దగ్గర చెరువుగట్టు శివుడి గుడికి పోయాం. నేను, మా అత్తమ్మ, మా పాప. పాపకు ఆరేళ్ళు. పుట్టినప్పటి నుంచీ జిద్దు ఎక్కువ. కొట్టినా, బతిమాలినా అనుకున్నది కావాల్సిందే.

గట్టు పైన మూడు గుండ్లు (పెద్ద బండరాళ్ళు) చూసుకుని కిందికి దిగుతుంటే మెట్ల పక్కన సబ్బునీళ్ళ బుడగల సీసా కనబడింది. ఇరవై రూపాయలు. పొద్దున్నే ఒక బొమ్మ కొనిచ్చాను కాబట్టి వద్దన్నాను. అక్కడే మెట్ల మీద పడుకుంది. అమావాస్య జనం ఎట్లా ఉంటారో మీకు తెలుసు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు పాపను దాటుకుంటూ పోతున్నారు. ఒకామె ఆగి "ఏం పెంపకమమ్మా" అని పోయింది. పావుగంట గడిచింది. "ఒక్కటియ్యి, అదే లేస్తది" అంది అత్తమ్మ. ఇచ్చాను. లేవలేదు. ఇంకోటి ఇచ్చాను. చెంప మీద నా వేళ్ళు తేలాయి. అప్పుడు అత్తమ్మే పోయి సీసా కొని చేతిలో పెట్టింది.

బస్సులో పాప నా ఒళ్ళోకి రాలేదు. సీసా పట్టుకుని కిటికీకి తల ఆనించి కూర్చుంది. వారమైంది, ఇప్పటికీ దాని మూత తీయలేదు. ఊదలేదు. దిండు కింద పెట్టుకుంటోంది.

మా ఆయనకు రైస్ మిల్లులో నైట్ డ్యూటీ. నేను ఇంట్లో మిషన్ కుడతాను. పాప ఏడుపు మొదలైతే ఆయన నిద్ర లేస్తాడని నాకు టెన్షన్. ఓపిక పట్టు అని అందరూ అంటారు. ఎట్లా పట్టాలో ఎవరూ చెప్పరు. కొట్టింది తప్పా, లేక ఇంకా ముందే కొట్టి ఉండాల్సిందా? నిజంగా అడుగుతున్నాను.

పెద్దవూర తాత (ఆదివారం రాత్రి 11:05)

బిడ్డా, కొట్టింది తప్పు కాదు. కొట్టినాక సీసా కొనిచ్చింది తప్పు. రెండు దెబ్బలు తింటే సీసా వస్తుందని ఆ పిల్లకు మీరే నేర్పిండ్రు.

నేను ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైర్ అయిన. ముగ్గురు పిల్లల్ని పెంచిన. ఒక్కడు కూడా నా ముందు గొంతు లేపలేదు. ఇప్పుడు మనవడిని పెంచుతున్న. కొడుకూ కోడలూ పూణెలో పనిచేస్తారు. మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు ఊరికే అనలేదు. ఆరేళ్ళకే మెట్ల మీద పడుకునే పిల్ల పదహారేళ్ళకు ఏం చేస్తదో ఆలోచించు.

హాలియా (ఆదివారం రాత్రి 11:12)

తాత చెప్పింది కరెక్ట్. సీసా కొనకూడదు.

పాలమూరు టీచర్ (సోమవారం ఉదయం 6:20)

చెల్లె, ముందు ఒక మాట. మీ పాప అట్లా ఉండటం మీ పెంపకంలో లోపం కాదు. మెట్ల మీద ఆమె అన్నది మనసులో పెట్టుకోకండి.

1956లో న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే డాక్టర్ దంపతులు 133 మంది పిల్లల్ని పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించడం మొదలుపెట్టారు. పదిమందిలో ఒకరు పుట్టుకతోనే కష్టమైన స్వభావం ఉన్నవాళ్ళని తేలింది. నిద్రకూ తిండికీ ఒక వేళ ఉండదు, కొత్తది ఏదొచ్చినా వద్దంటారు, కోపమొచ్చినా సంతోషమొచ్చినా గట్టిగానే వస్తుంది. అట్లాంటి పిల్లల్లో అందరూ చెడిపోతారని కాదు. పిల్ల స్వభావానికీ ఇంటి తీరుకూ ఎంత కుదిరిందన్న దాని మీదే చాలా వరకు ఆధారపడిందని వాళ్ళు రాశారు.

ఇక ఓపిక ఎట్లా అన్నారు కదా. ఓపిక అంటే అడిగిందల్లా ఇవ్వడం కాదు. సీసా విషయంలో తాతగారితో నేనూ ఏకీభవిస్తాను. కానీ పని గట్టు ఎక్కకముందే మొదలు కావాలి. "ఇవాళ ఒక్కటే కొంటాం, అదేదో నువ్వే చూసుకో, దిగేటప్పుడు కొందాం" అని బస్సులోనే చెప్పాలి. మీరు పొద్దున్నే బొమ్మ కొనేశారు. పాప దృష్టిలో అది మీరు కొన్నది, తను ఎంచుకున్నది కాదు. పడుకున్నాక మీరెన్ని చెప్పినా చెవికెక్కవు. పిల్లను ఎత్తుకుని జనం లేని పక్కకు తీసుకుపోయి, మాట్లాడకుండా పక్కన కూర్చోవాలి. ఏడుపు తగ్గాక రెండు ముక్కలు చాలు.

ఇంకొకటి. ఏడుపుకు లొంగకుండా ఉండటం మొదలుపెడితే ముందు కొన్ని రోజులు ఏడుపు పెరుగుతుంది. చాలామంది తల్లులు అక్కడే ఓడిపోతారు. ఇది పనిచేయట్లేదని నాలుగో రోజు ఇచ్చేస్తారు. ఇంకా గట్టిగా ఏడవాలన్నమాట అని పిల్ల నేర్చుకుంటుంది.

జడ్చర్ల నాన్న (సోమవారం ఉదయం 9:02)

టీచర్లు ఓపిక గురించి చెప్పడం బాగానే ఉంది. మా బాబు రెండో తరగతిలో ఉన్నప్పుడు మాట వినట్లేదని ఒక ప్రైవేటు బడిలో గంటసేపు మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొప్పించకూడదు. నేను పోయి అడిగితే "మీ ఇంట్లో మీరు కొట్టరా?" అన్నారు. నేను కొడతాను. నోట మాట రాక తిరిగొచ్చాను.

పాలమూరు టీచర్ (సోమవారం ఉదయం 9:30)

ఆ బడి చేసింది తప్పే. నేను దాన్ని సమర్థించలేదు.

జడ్చర్ల నాన్న (సోమవారం ఉదయం 9:34)

సమర్థించారని నేనూ అనలేదు మేడం. చెప్పడం తేలిక అంటున్నాను.

గుర్రంపోడు బత్తాయి రైతు (సోమవారం మధ్యాహ్నం 1:15)

మొక్కై వంగనిది అన్న మాట దగ్గర ఆగిపోయిన. నేను బత్తాయి తోట పెట్టినోణ్ణి. తాతా, మేము మొక్కను వంచం. గాలికి పడకుండా పక్కన కర్ర పాతి, మెత్తటి తాడుతో వదులుగా కడతాం. బిగించి కడితే కాండం కోసుకుపోతుంది. అంటు కింద నుంచి వచ్చే చిగుళ్ళు మాత్రం ఎప్పటికప్పుడు తీసేస్తాం, ఎందుకంటే అవి బత్తాయి కాదు, కింది వేరు మొక్కవి. ఏది తీయాలో ఏది ఉంచాలో తెలుసుకోవడమే పని. ఎదిగే కొమ్మనే విరిచేస్తే తోట ఏముంటుంది?

పెద్దవూర తాత (సోమవారం మధ్యాహ్నం 2:40)

తోట నాకూ తెలుసు. బత్తాయికి పూత కావాలంటే ఏం చేస్తరు? నీళ్ళు ఆపుతరు. బెట్టకు వదులుతరు. ఆకు వాడినాక నీళ్ళిస్తే అప్పుడు పూత దిగుతది. కష్టం చూపించకుండా కాయ రాదు. ఇది నీ తోటే చెప్తోంది.

గుర్రంపోడు బత్తాయి రైతు (సోమవారం మధ్యాహ్నం 2:58)

బెట్ట పెట్టేది కాపుకొచ్చిన చెట్టుకు తాతా. నాలుగైదేళ్ళు నిలదొక్కుకున్న చెట్టుకు. నిరుడు నాటిన మొక్కకు నీళ్ళు ఆపితే పూత రాదు, మొక్క చస్తుంది.

హాలియా (సోమవారం మధ్యాహ్నం 3:01)

బెట్ట ఎన్ని రోజులు పెడతారన్నా మీ వైపు?

గుర్రంపోడు బత్తాయి రైతు (సోమవారం మధ్యాహ్నం 3:10)

నేలను బట్టి. చెల్కలో తక్కువ రోజులు చాలు, నల్లరేగడిలో ఎక్కువ పడుతుంది. అందరికీ ఒకటే లెక్క కాదు. పిల్లల విషయంలో నేననేదీ అదే.

నకిరేకల్ ఏఎన్ఎం (సోమవారం సాయంత్రం 5:45)

తోట సంగతి పక్కన పెట్టండి. చెల్లె, పాపకు చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయా? వెనక నుంచి మెల్లగా పిలిస్తే తిరుగుతుందా? జలుబు చేసి చెవిలో చీము కారే పిల్లలను "మాట వినదు" అని కొట్టిన ఇళ్ళు నేను చూశాను. నిద్ర ఎన్ని గంటలు? రక్తం తక్కువున్నా చిరాకు ఎక్కువుంటుంది. ఒకచోట నిమిషం కూర్చోలేకపోవడం బడిలోనూ ఇంట్లోనూ నెలల తరబడి ఉంటే అది వేరే సంగతి. డాక్టరు చూడాలి. 2013 నుంచి బడులకూ అంగన్‌వాడీలకూ ఆర్‌బీఎస్‌కే అనే సర్కారు పిల్లల ఆరోగ్య పథకం బృందం వచ్చి పరీక్ష చేస్తుంది. అవసరమైతే జిల్లా కేంద్రానికి పంపుతారు, డబ్బులు కట్టక్కర్లేదు. మీ బడికి వచ్చినప్పుడు తప్పకుండా చెప్పండి.

మిర్యాలగూడ తల్లి (సోమవారం రాత్రి 9:50)

చెవులు బాగానే వినిపిస్తాయి అక్కా. పక్కింట్లో చాక్లెట్ కవర్ చప్పుడైనా వింటుంది. బడిలో బాగా కూర్చుంటుందట. ఇంట్లోనే ఇట్లా. నిద్ర మాత్రం తక్కువే. వాళ్ళ నాన్న డ్యూటీకి పోయేదాకా, అంటే పదిన్నర దాకా, మేలుకునే ఉంటుంది.

పెద్దవూర తాత (సోమవారం రాత్రి 10:15)

బడిలో కూర్చుంటది, ఇంట్లో కూర్చోదు. ఎందుకు? బడిలో భయముంది, ఇంట్లో లేదు. టీచరమ్మ పుస్తకంలో ఈ ముక్క లేదా?

ఇంకో మాట చెప్తా, కోపం చేసుకోకండి. మగపిల్లగాడైతే ఏదో ఒకటి అనుకోవచ్చు. ఇది ఆడపిల్ల. రేపు ఇంకో ఇంటికి పోయే పిల్ల. అక్కడ మెట్ల మీద పడుకుంటే ఎవరూ సీసా కొనియ్యరు.

పాలమూరు టీచర్ (సోమవారం రాత్రి 10:22)

ఇప్పుడు బయటికొచ్చింది అసలు మాట. నిన్నటి నుంచి సీసా, మొక్క, బత్తాయి అని తిరుగుతున్నాం. తాతగారూ, మీ మనవడు కంచం విసిరాడని పోయిన నెల ఇక్కడే మీరు రాశారు. "మా వంశం రోషం" అని రాశారు. అదే పని ఆడపిల్ల చేస్తే వంగాలా? నా క్లాసులో ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నాను. ఎదురు ప్రశ్న అడిగే మగపిల్లాడు తెలివైనవాడు, అడిగే ఆడపిల్ల నోరుగలది. నన్నూ అట్లాగే అన్నారు. పదో తరగతి అయ్యాక చదువుతానని మూడు రోజులు అన్నం మానేస్తే మా నాయిన బెల్టుతో కొట్టాడు. ఆ జిద్దు లేకపోతే ఇవాళ నేను టీచర్‌ను కాదు.

పెద్దవూర తాత (సోమవారం రాత్రి 10:31)

మీ నాయిన కొట్టిండు, మీరు టీచర్ అయిండ్రు. చెడిపోలేదు కదా.

పాలమూరు టీచర్ (సోమవారం రాత్రి 10:33)

ఆయన కొట్టినందుకు కాలేదు. కొట్టినా అయ్యాను. ఆ తేడా మీకు కనబడట్లేదా?

జడ్చర్ల నాన్న (సోమవారం రాత్రి 10:40)

పెద్దాయన మీద అట్లా గొంతు లేపకండి మేడం.

అచ్చంపేట అక్క (సోమవారం రాత్రి 11:48)

ఇక్కడ ఎప్పుడూ చదవడమే తప్ప రాయలేదు.

తాతా, మీరు కావాలంటున్న ఆడపిల్లను నేను. మా ఇంట్లో నేను ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడలేదు. చిన్నప్పుడు ఏదైనా కావాలని ఏడిస్తే దెబ్బలు పడేవి. ఏడేళ్ళొచ్చేసరికి ఏమీ అడగడం మానేశాను. చుట్టాలందరూ "బంగారం లాంటి పిల్ల" అనేవారు. పెళ్ళయ్యాక ఆరేళ్ళు అతను కొడుతుంటే ఎవరికీ చెప్పలేదు. పుట్టింటికి వచ్చినప్పుడు అమ్మ నా చేతి మీద నల్లటి మచ్చ చూసి అడిగింది. తలుపు తగిలిందన్నాను. భయంతో కాదు. చెప్పొచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. దెబ్బ తింటే నోరు మూసుకోవాలని నా ఒంటికి తెలుసు, అంతే.

ఇప్పుడు నా కూతురికి ఐదేళ్ళు. అది కూడా జిద్దే. అది "వద్దు" అని అరిచినప్పుడు నాకు తల పగిలిపోతుంది, కానీ కొట్టడానికి చెయ్యి లేవదు. సీసా కొనివ్వను. ఆ "వద్దు"ను మాత్రం దాని నోట్లోంచి తీసేయను.

హాలియా (మంగళవారం ఉదయం 7:10)

అక్కా. చదివాను.

పెద్దవూర తాత (మంగళవారం మధ్యాహ్నం 12:25)

రాత్రి చదివిన. పొద్దున మళ్ళీ చదివిన. అచ్చంపేట బిడ్డకు ఏం చెప్పాలో నాకు తెలుస్తలేదు. నీ మీద చెయ్యి వేసినోడిది తప్పు. దానిలో నాకు రెండో మాట లేదు.

కానీ నా మాట కూడా వినండి. నేను పిల్లను వంచాలని అనలేదు. బయట లోకం కొడతది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన, ఎన్ని చూసిన. బయటోళ్ళు గట్టిగా కొట్టకముందు మనం మెల్లగా కొట్టి అలవాటు చేస్తే తట్టుకుంటరని అనుకున్న. మా నాయిన నాకు అట్లనే చేసిండు. పాలమూరు కూలోళ్ళతో మట్టి పనికి బొంబాయి పంపే ముందు రోజు కూడా కొట్టిండు. నాకు పద్నాలుగేళ్ళు. అక్కడ మేస్త్రీ కొడితే నాకు ఏడుపు రాలేదు. అది నాకు మేలైందనే ఇన్నాళ్ళూ అనుకున్న.

మనవడి సంగతి రాసింది నిజమే టీచరమ్మా. వాడికి ఆదివారం పూణె నుంచి ఫోన్ వస్తది. కంచం విసిరేది ఎప్పుడూ ఆదివారం రాత్రే. కొట్టిన. మళ్ళా ఆదివారం మళ్ళా విసిరిండు. నా చేతిలో ఇప్పుడు బలం కూడా లేదు.

సీసా మాత్రం కొనకూడదు. ఆ మాట మీద ఉన్న.

పాలమూరు టీచర్ (మంగళవారం సాయంత్రం 4:50)

తాతా, నిన్న గొంతు లేపాను, క్షమించండి. ఆదివారం ఫోన్ అయ్యాక బాబును అన్నానికి కూర్చోబెట్టకుండా ముందు ఊళ్ళోకి కాసేపు తిప్పుకురండి. ఫోన్ గురించి ఏమీ అడగకండి. వాడే చెప్తే వినండి. ఒక్కసారికి మారదు. నాలుగు ఆదివారాలు చూడండి.

అలవాటు చేయడం గురించి మాత్రం నేను ఒప్పుకోను. బయట దెబ్బ తిన్న పిల్ల పరుగెత్తుకొచ్చే చోటు ఒకటి ఉండాలి. అక్కడ కూడా దెబ్బే ఉంటే ఎక్కడికి పోవాలి?

పెద్దవూర తాత (మంగళవారం సాయంత్రం 5:20)

తిప్పుకొస్త. మిగతాది ఆలోచిస్త.

మిర్యాలగూడ తల్లి (శుక్రవారం రాత్రి 9:15)

నాలుగు రోజుల నుంచి పాపను తొమ్మిదికే పడుకోబెడుతున్నాను. వాళ్ళ నాన్న పదిన్నరకు పోతూ పోతూ నిద్రలోనే నుదురు మీద ముద్దు పెట్టి పోతున్నాడు. మొదటి రెండు రోజులు గోల గోల చేసింది. టీచరక్క ముందే చెప్పింది కాబట్టి తట్టుకున్నాను.

నిన్న పాప పక్కన పడుకుని, "గట్టు మీద నేను కొట్టాను కదా, అది నేను చేసిన తప్పు. బుడగలు కొనియ్యను అన్నది తప్పు కాదు" అని చెప్పాను. ఏం మాట్లాడలేదు. అటు తిరిగి పడుకుంది. అత్తమ్మ విని "పిల్ల దగ్గర తప్పు ఒప్పుకుంటే ఇక నెత్తికెక్కుతది" అంది.

ఇవాళ సాయంత్రం మిషన్ మీద జాకెట్ కుడుతుంటే వచ్చి నిలబడింది. సీసా నా ముందు పెట్టి "మూత రావట్లేదు, తియ్యి" అంది. నిజంగానే బిగుసుకుపోయింది, పళ్ళతో పట్టి తీయాల్సి వచ్చింది. లోపల నీళ్ళు సగమే ఉన్నాయి, ఎక్కడో కారిపోయాయి. కొత్తది కావాలని వెంటనే మొదలుపెట్టింది. కొననన్నాను. గదిలోకి పోయి తలుపేసుకుని ఏడుస్తోంది. ఇరవై నిమిషాలైంది. నేను గడప దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను.

హాలియా (శుక్రవారం రాత్రి 9:18)

కొనకండి అక్కా.

అచ్చంపేట అక్క (శుక్రవారం రాత్రి 9:21)

అక్కడే కూర్చోండి. లేవకండి.