స్టాక్ ఉందని చూపి, డబ్బు కట్టాక బ్యాక్‌ఆర్డర్ అంటున్నారు: మీకు ఎదురైన అనుభవాలు చెప్పండి

మోటారుషెడ్డు:
అందరికీ నమస్కారం. మా ఊళ్లో బోరు మోటార్లకు నీటిమట్టం కంట్రోలర్లు ఐదు తయారు చేస్తున్నాను. విడిభాగాలు అమ్మే ఒక ఆన్‌లైన్ దుకాణంలో 38 పిన్నుల ఈఎస్‌పీ32 బోర్డులు (ప్రోగ్రాము ఎక్కించి నడిపే చిన్న కంట్రోలర్ బోర్డులు) 27 ఉన్నాయని కనిపించడంతో, ఐదు బోర్డులు, రిలేలు, టెర్మినల్ బ్లాకులు కలిపి ఒకే ఆర్డరు పెట్టి, మొత్తం సొమ్ము యూపీఐ ద్వారా కట్టేశాను. నాలుగో రోజున ఆ బోర్డులు బ్యాక్‌ఆర్డర్‌లో ఉన్నాయని, అంటే ఇప్పుడు లేవు, తెప్పించాక పంపుతామని మెయిల్ వచ్చింది. అవి వచ్చేదాకా మిగతా సామాను కూడా పంపకుండా ఆపేశారు. 19వ రోజున పార్సిల్ విప్పి చూస్తే అందులో ఉన్నవి 30 పిన్నుల బోర్డులు. మార్చి పంపుతున్నామని నాకు ఒక్క ముక్కైనా చెప్పలేదు.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి ఇవి. వెబ్‌సైటులో కనిపించే ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు? ఒక్క వస్తువు లేదని ఆర్డరంతా ఆపడం మామూలేనా? సరుకు తమ చేతిలో లేకుండా పూర్తి సొమ్ము తీసుకోవచ్చా? రద్దు చేసుకుంటే కొరియర్ ఖర్చు ఎవరు భరించాలి?

కోఠివాసి:
అందుకే నేను ఆ అంకెల జోలికి పోను. ఆదివారం తప్ప ఏ రోజైనా కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి, బోర్డును చేత్తో పట్టుకుని, పిన్నులు లెక్కపెట్టుకుని, డబ్బిచ్చి తెచ్చుకుంటాను. పది రూపాయలు ఎక్కువైనా సాయంత్రానికి పని మొదలవుతుంది. ఒకసారి స్టెప్పర్ మోటారు డ్రైవర్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుందామని చూసి, నెలన్నర ఎదురుచూసి, చివరికి ఆర్డరు రద్దయిందన్న మెయిల్ అందుకున్నాను. అదే డ్రైవరు గల్లీలో మూడో దుకాణంలోనే దొరికింది. ఊళ్లో ఉన్నవారికి ఆ వీలు లేదని నాకు తెలుసు, అయినా హైదరాబాదు వచ్చే బంధువు ఎవరైనా ఉంటే వారి చేతికి చీటీ రాసివ్వడమే మేలు.

టంకంతీగ:
మోటారుషెడ్డు గారూ, మీరు అనవసరంగా బాధపడుతున్నారు. రెండు బోర్డుల మీదా ఉన్నది ఒకే మాడ్యూలు, అంటే చిప్పున్న అసలు భాగం. 38 పిన్నుల దానిలో అదనంగా బయటికి తీసిన ఎనిమిదింటిలో ఆరు, అంటే జీపీఐఓ (సిగ్నళ్లు పంపే, అందుకునే పిన్నులు) 6 నుంచి 11 వరకు, లోపలి ఫ్లాష్ మెమరీకి వెళ్లేవి కనుక వాటిని ఎలాగూ వాడకూడదు. మిగిలినవి ఒక గ్రౌండు, జీపీఐఓ 0. దుకాణం వారు మీకు నష్టం చేయలేదు, పని ఆగకూడదని సాటి సరుకు పంపారు.

మోటారుషెడ్డు:
అయ్యా, నేను బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చే పలక) మీద ప్రయోగం చేయడం లేదు. 38 పిన్నుల కొలతలతో పీసీబీలు (విడిభాగాలు బిగించే సర్క్యూటు పలకలు) చేయించి పెట్టుకున్నాను. వచ్చిన బోర్డును దాని మీద పెట్టి చూస్తే ఒక వరుస రంధ్రాల్లోకి దిగింది, రెండో వరుస రంధ్రాలకు ఇవతలే గాలిలో వేలాడింది. పీసీబీలు చేయించిన డబ్బు, పెట్టిన రోజులు రెండూ పోయాయి. మాడ్యూలు ఒకటే అయితే నాకు ఒరిగేదేమిటి?

టంకంతీగ:
జంపర్ వైర్లు వేసి కలుపుకోవచ్చు. పదిహేనేళ్లుగా టంకం పట్టుకుంటున్న చేతులతో చెబుతున్నాను, ఇది గంట పని.

రాగిరేకు:
గంట పని అని తేలిగ్గా అనకండి. ఈ రెండు రకాల్లో తేడా పిన్నుల లెక్కలోనే కాదు, వాటి వరుసలోనూ ఉంది. 38 పిన్నుల బోర్డులో యాంటెన్నా పక్కన మొదటి పిన్ను 3.3 వోల్టులది, 30 పిన్నుల బోర్డులో ఆ చోట ఎనేబుల్ పిన్ను ఉంటుంది, 3.3 వోల్టులు యూఎస్‌బీ వైపు మూలకు వెళ్లిపోతాయి. తెలియనివారు పిన్నులు వంచి ఎలాగో కూర్చోబెట్టి కరెంటు ఇస్తే బోర్డు కాలిపోవచ్చు. పైగా అది తడి చేతులతో తాకే మోటారు స్టార్టరు పక్కన పెట్టే కంట్రోలరు, అక్కడ వేలాడే జంపర్ వైర్లు ఎవరు వేస్తారు? అడగకుండా మార్చి పంపడం తప్పు. మీ అనుభవం ఆ తప్పును ఒప్పు చేయదు.

టంకంతీగ:
నేను తప్పును సమర్థించలేదు. పరిష్కారం చెప్పాను. మాట్లాడే పద్ధతి ఒకటి ఉంటుంది.

కౌంటర్‌వెనుక:
ఇటువంటి దుకాణంలోనే ఎనిమిదేళ్లుగా సరుకు లెక్కలు చూస్తున్నవాణ్ని కనుక ఆ 27 ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాను. ఒకే అరలోని సరుకును మేము మా వెబ్‌సైటులోనూ, పెద్ద అమ్మకాల వేదికల మీదా, కౌంటరు దగ్గరా అమ్ముతాము. కౌంటరు బిల్లు సాయంత్రం దాకా కంప్యూటరులో ఎక్కకపోతే అప్పటికే పోయిన బోర్డులు వెబ్‌సైటులో ఉన్నట్టే కనిపిస్తాయి. తిరిగి వచ్చిన పాడైన బోర్డులను వేరే పెట్టెలో వేయకుండా లెక్కలో కలిపేస్తే అవీ స్టాకే అవుతాయి. ఇక 30, 38 పిన్నులవి రెండూ ఒకే రంగు సంచుల్లో వస్తాయి, లోపలికి తీసుకునేవారు ఒకదాన్ని ఇంకొకదాని కోడులో ఎక్కించారంటే నెలల తరబడి తెలియదు. మీకు జరిగింది చాలావరకు ఇదే అయి ఉంటుందని నా అనుమానం.

బ్యాక్‌ఆర్డరు తీసుకోవడానికీ కారణం ఉంది. సరఫరాదారు వంద ముక్కలకు తక్కువ పంపనంటాడు. ముప్పై మంది డబ్బు కట్టి ఉంటేనే వంద తెప్పించే ధైర్యం వస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో చైనా కొత్త సంవత్సరానికి కర్మాగారాలు మూతపడితే రెండు మూడు వారాలు ఏ ప్రశ్నకూ జవాబు ఉండదు. ఆ తరువాత కస్టమ్స్. మేము చెప్పే తేదీ మాకు చెప్పిన తేదీయే.

ఫైనలియర్_గుంటూరు:
అంటే మీ ధైర్యానికి మా డబ్బు పెట్టుబడి అన్నమాట. అన్నా, నా సంగతి వినండి. చివరి సంవత్సరం ప్రాజెక్టుకు నలుగురం కలిసి డబ్బులు వేసుకుని లేజరు కాంతితో దూరం కొలిచే లైడార్ సెన్సర్ ఆర్డరు పెట్టాము. 'ఏడు నుంచి పది రోజుల్లో పంపుతాము' అని ఉన్న వాక్యం ప్రతి వారం అలాగే ఉంది, తేదీ మాత్రం ముందుకు జరుగుతూ పోయింది. రెండో రివ్యూకు ఖాళీ చట్రం పట్టుకుని వెళ్లాము. మార్కులు పోయాయి. రాదని మొదటి వారంలోనే చెప్పి ఉంటే అల్ట్రాసోనిక్ సెన్సరుతో చేసుకునేవాళ్లం. లేదు అనే మాట చెప్పడానికి దుకాణానికి ఖర్చేమిటి?

కౌంటర్‌వెనుక:
తమ్ముడూ, మీ బాధ న్యాయమైనదే, కానీ అందరినీ ఒకే గాటన కట్టవద్దు. ఆర్డరు రద్దయితే పేమెంట్ గేట్‌వే తీసుకున్న రుసుము మాకు తిరిగి రాదు. ఆ నష్టం మేమే భరించి పూర్తి సొమ్ము తిరిగి ఇచ్చిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి.

ఫైనలియర్_గుంటూరు:
నేను అడిగింది రుసుము గురించి కాదు. తేదీ గురించి.

డాలస్_గ్యారేజీ:
ఇక్కడ అమెరికాలో పద్ధతి కొంత వేరు. డిజికీ వంటి పెద్ద అమ్మకందారుల పేజీలో చేతిలో ఉన్న ముక్కల సంఖ్యతో పాటు కర్మాగారం నుంచి రావడానికి మామూలుగా ఎన్ని వారాలు పడుతుందో కూడా రాసి ఉంటుంది. చట్టం కూడా ఉంది: చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో, సరుకు పంపలేని దుకాణం కొనుగోలుదారుకు ఆ సంగతి తెలియజేసి, ఆగుతారా, రద్దు చేసుకుని సొమ్ము వెనక్కి తీసుకుంటారా అని అడిగి తీరాలి.

మన దేశంలోనూ 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు ఉన్నాయి. ఫిర్యాదు అందిన 48 గంటల్లో అందినట్టు చెప్పి, నెల రోజుల్లో పరిష్కరించడం ఫిర్యాదుల అధికారి బాధ్యత. దుకాణం తనంతట తాను రద్దు చేసినప్పుడు అటువంటి రుసుమునే తానూ భరిస్తే తప్ప, మీ దగ్గర రద్దు రుసుము వసూలు చేయకూడదు. డబ్బు సంగతికి వస్తే, 2018లో వచ్చిన యూపీఐ 2.0 లోనే ఒక్కసారి మాండేటు సదుపాయం ఉంది. మీ ఖాతాలో సొమ్ము ఆగి ఉంటుంది, సరుకు పంపిన రోజునే దుకాణానికి చేరుతుంది. షేర్ల ఇష్యూలకు మనవాళ్లు రోజూ వాడుతున్నదే. బ్యాక్‌ఆర్డర్లకు విడిభాగాల దుకాణాలు దీన్ని ఎందుకు వాడవో కౌంటర్‌వెనుక గారు చెప్పాలి.

పైబోర్డు_పిచ్చి:
బ్యాక్‌ఆర్డరు అంటే నాకు 2021 నుంచి 2023 దాకా రాస్‌ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటరు బోర్డు కోసం పడిన పాట్లే గుర్తుకొస్తాయి. చిప్పుల కొరతతో ఉన్న కాసిని బోర్డులనూ ముందు పరిశ్రమలకు ఇచ్చారు, 2021 అక్టోబరులో 2 జీబీ పై 4 ధరను 35 డాలర్ల నుంచి 45కు పెంచారు. అధీకృత దుకాణాల్లో మనిషికి ఒకటే అనే నియమం ఉండేది, దొంగచాటున కొని మూడింతలకు అమ్మేవాళ్లు ఉండేవారు. ఏ దుకాణంలో స్టాకు వచ్చిందో చూపే ఆర్‌పీఐలొకేటర్ అనే సైటును రాత్రి రెండింటికి కూడా తెరిచి చూసేవాణ్ని. ఐదు నెలల బ్యాక్‌ఆర్డరు తరువాత నా పై 4 వచ్చిన రోజున మా అమ్మ 'ఇదేనా?' అని అరచేతిలో పెట్టుకుని చూసింది. ఆ దుకాణం పాత ధరకే ఇచ్చింది. అటువంటి దుకాణాలూ ఉన్నాయని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కోఠివాసి:
ఆ రోజుల్లో గల్లీలోనూ పై దొరకలేదు, అది మాత్రం ఒప్పుకుంటాను.

రాగిరేకు:
నేను ఇప్పుడు ఐదు ముక్కలకు మించి ఏది కొన్నా ముందు ఫోను చేస్తాను. 'అరలోకి వెళ్లి ఒక బోర్డు తీసి, యూఎస్‌బీ చిప్పు మీద ఏమి రాసి ఉందో చదవండి' అని అడుగుతాను. చదివి చెప్పారంటే సరుకు ఉన్నట్టే. కంప్యూటరులో ఉందండీ అంటే ఆర్డరు పెట్టను. దొరకడం కష్టమైన వస్తువును ఎప్పుడూ వేరే ఆర్డరుగా పెడతాను, కొరియర్ ఖర్చు రెండుసార్లు పడినా మిగతా పని ఆగదు. టంకంతీగ గారూ, నా మాట కటువుగా అనిపిస్తే మన్నించండి, కానీ జంపర్ల విషయంలో నా అభిప్రాయం మారదు.

టంకంతీగ:
మోటారు స్టార్టరు పక్కన పెట్టేదని నేను గమనించలేదు. ఆ మాట వరకు మీరు చెప్పిందే సరి.

మోటారుషెడ్డు:
రాగిరేకు గారు చెప్పినట్టు ఫోను చేసి అరలో చూడమన్నాను. అవతలి అబ్బాయి రెండు నిమిషాల తరువాత వచ్చి, 38 పిన్నుల పెట్టె మీద 30 పిన్నుల చీటీ ఉందని తానే చెప్పాడు. అంటే నేను ఎదురుచూసిన ఆ 19 రోజులూ నా బోర్డులు అక్కడే ఉన్నాయి. రేపు పంపుతామన్నారు, పాతవి వెనక్కి తీసుకెళ్లడానికి కొరియర్ వాళ్లను కూడా వారే పంపుతున్నారు. కోఠివాసి గారి సలహా ప్రకారం మా బావమరిది చేత రెండు బోర్డులు తెప్పించుకున్నాను, రెండూ పీసీబీలో సరిగ్గా కూర్చున్నాయి. మొదటి కంట్రోలరు నిన్న రాత్రి ట్యాంకు నిండగానే మోటారును ఆపింది. కౌంటర్‌వెనుక గారూ, మాండేటు ప్రశ్నకు మీ జవాబు కోసం ఇంకా చూస్తున్నాము.